ఉప్పెన చూసిన కారు అన్నారు.. ఆర్సీ పుస్తకం ఇంకోటి చెప్పింది

ఇవాళ నేను ఎప్పుడూ కూర్చునే కుర్చీలో లేను. గుడివాడలో ఒక రేకుల షెడ్డులో ఉన్నాను. వెనకాల సుత్తి చప్పుడు వినిపిస్తే ఏమీ అనుకోకండి, అది ఆగదు. నా పక్కన నాలుగు ఇటుకల మీద నిలబడి ఉన్న ఈ కారు చూస్తున్నారు కదా, దీని గురించే ఇవాళ మాట్లాడుకుందాం. దీన్ని మా వైపు అందరూ ‘ఫియట్’ అనే అంటారు. ముందు బానెట్ మీద మాత్రం ‘ప్రీమియర్ పద్మిని’ అని ఉంటుంది. ఈ రెండు పేర్ల తేడాలోనే నాకు ఒక చరిత్ర దొరికింది. దాంతో పాటు నేను మోసపోయానా లేదా అన్న ప్రశ్నకి జవాబు కూడా దొరికింది.

మొదట్నుంచీ చెప్తాను.

ఏడాది క్రితం నాకొక ఫోటో వచ్చింది. గుడివాడ దగ్గర పల్లెలో పాత పశువుల కొట్టంలో ఒక ఫియట్ ఉంది, అమ్ముతారట. వెళ్ళాను. గడ్డిమోపుల మధ్య దుమ్ము కొట్టుకుపోయి ఉంది. అమ్మేది నా వయసు కుర్రాడే. వాళ్ళ తాతగారు డాక్టరు, ఇప్పుడు లేరు. ఆ కుర్రాడు చెప్పిన మొదటి మాట ఇది: “అన్నా, ఇది మామూలు కారు కాదు. 1970 మోడల్. దివిసీమ ఉప్పెనలో మునిగి కూడా బతికింది.”

అబద్ధం ఎందుకు, ఆ మాటకే నేను పడిపోయాను. బేరం కూడా సరిగా ఆడలేదు. 1977 నవంబరు 19, శనివారం. మన పెద్దవాళ్ళు ఎవరినడిగినా ఆ తేదీ చెప్తారు. నాగాయలంక, కోడూరు వైపు సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. కొన్ని చోట్ల ఐదారు మీటర్ల ఎత్తున వచ్చిందంటారు. ప్రభుత్వ లెక్కలోనే చనిపోయినవాళ్ళు దాదాపు పదివేల మంది. అసలు లెక్క అంతకంటే చాలా ఎక్కువ అని దివిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ నీళ్ళలోంచి బయటపడ్డ కారు ఇంకా ఉందంటే, దాన్ని బాగుచెయ్యకుండా ఎలా ఊరుకుంటాం?

మెకానిక్ బాబాయ్ మాత్రం కారు చుట్టూ ఒక రౌండు వేసి, డిక్కీ తెరిచి చూసి, “రెండు జాకీలు ఎందుకయ్యా దీంట్లో?” అన్నాడు. ఒకటి మామూలుగా ఉంది. ఇంకోటి బిగుసుకుపోయి, మర పళ్ళ నిండా బూడిద రంగు మన్ను పట్టి ఉంది. నేను పట్టించుకోలేదు. మీరు మాత్రం ఆ జాకీని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్దాం. ఈ కారు ఎక్కడ పుట్టిందో తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు.

ఈ ఆకారం ఇటలీది. 1953లో ఫియట్ కంపెనీ ‘1100’ అనే కారుని కొత్తగా తయారు చేసింది. దాని వెనకున్న ఇంజనీరు దాంతే జకోజా. ముద్దుగా గుండ్రంగా ఉండే బుల్లి ఫియట్ 500 బొమ్మల్లో చూసి ఉంటారు, అది కూడా ఆయనదే. మన దేశంలో దీన్ని తయారుచేసింది బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్. ఆ కంపెనీని 1944లో పెట్టినాయన వాల్‌చంద్ హీరాచంద్. ఈ పేరు మీకు కొత్తగా అనిపించవచ్చు గానీ తెలుగు నేలకి కొత్త కాదు. విశాఖపట్నంలో ఓడలు కట్టే యార్డుకి 1941లో రాజేంద్రప్రసాద్ చేత శంకుస్థాపన చేయించింది ఈయన సింధియా కంపెనీయే. ఇవాళ్టి హిందుస్థాన్ షిప్‌యార్డ్ అదే. అంటే విశాఖలో ఓడలు, కుర్లాలో కార్లు, రెంటి వెనకా ఒకే మనిషి.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం ఒక గీత గీసింది. విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్ముకుంటామంటే కుదరదు, ఇక్కడే తయారు చేస్తామన్నవాళ్ళే ఉండాలి అంది. దాంతో జనరల్ మోటార్స్, ఫోర్డ్ లాంటివాళ్ళు 1950ల మధ్యకల్లా సర్దుకుని వెళ్ళిపోయారు. జనానికి మిగిలినవి ప్రధానంగా మూడు: కలకత్తా దగ్గర ఉత్తర్‌పారా నుంచి అంబాసిడర్, బొంబాయి నుంచి ఫియట్, మద్రాసు నుంచి స్టాండర్డ్ హెరాల్డ్. కొనేవాళ్ళు ఎక్కువ, తయారయ్యేవి తక్కువ. 1959లో కార్ల పంపిణీ, అమ్మకాల మీదే ఒక కంట్రోల్ ఆర్డరు వచ్చింది. మీరిప్పుడు ఫోన్ బుక్ చేసి రెండు రోజులు ఆలస్యమైతే కస్టమర్ కేర్‌కి మెసేజ్ పెడతారు కదా? అప్పుడు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురు చూసేవాళ్ళు. ఈ ‘ఏళ్ళ తరబడి’ అన్న మాట కూడా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మా వైపు ఒక లెక్క ఉండేది. రైసుమిల్లు ఆసామికీ, పెళ్ళిళ్ళ టాక్సీకీ అంబాసిడర్. డాక్టరుకీ ప్లీడరుకీ ఫియట్. కాలవగట్టు మీద ఎదురుగా ఎడ్లబండి వస్తే అంబాసిడర్ వెనక్కి పోవాల్సిందే, ఫియట్ మాత్రం పక్కకి ఒదిగిపోయేది. పొడవు నాలుగు మీటర్ల లోపే. ఇంజన్ 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, ఓ నలభై గుర్రాల బలం. గేరు రాడ్డు కింద ఉండదు, స్టీరింగు పక్కనే ఉంటుంది. అందుకే ముందు సీటు బల్లలాగా ఒకటే, ముగ్గురు కూర్చోవచ్చు. ఇంకో తమాషా చూడండి. 2006 బడ్జెట్లో ప్రభుత్వం చిన్న కారంటే నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ లోపు ఇంజన్ అని లెక్కపెట్టి పన్ను తగ్గించింది. ఆ కొలతల్లో ఈ కారు ఎప్పుడో సరిపోయింది. అప్పటికి దీని తయారీ ఆగిపోయి ఐదారేళ్ళయింది, అంతే.

ఇప్పుడు పేరు సంగతి. 1960ల్లో ఇక్కడ తయారైంది ఫియట్ 1100 డి. ఇటలీలో ఆ మోడల్‌ని 1966లోనే ఆపేశారు. మనవాళ్ళు ఆపలేదు. 1970ల మొదట్లో ఫియట్ పేరు పోయి ‘ప్రీమియర్ ప్రెసిడెంట్’ అయింది. 1974 నుంచి చిత్తోడ్ రాణి పేరు మీద ‘ప్రీమియర్ పద్మిని’. ఆకారం అదే, మనుషుల నోట్లో పేరూ అదే. బొంబాయిలో నలుపు పసుపు టాక్సీగా తిరిగింది కూడా ఇదే. ఆ చివరి పద్మిని టాక్సీలు 2023 అక్టోబరు చివర్లో రోడ్డు దిగిపోయాయి.

దొరికిపోయింది చూశారా? ఆ కుర్రాడు చెప్పింది 1970 మోడల్. బానెట్ మీదున్న పేరు 1974 తర్వాతది. సర్లే, ఎవరో పేరు మార్చి అతికించి ఉంటారనుకున్నా. అప్పుడు ఆర్సీ పుస్తకం తీశాను. పుస్తకం అంటే నిజంగా చిన్న పుస్తకమే, ఇప్పటి కార్డు కాదు. 1989లో మన జిల్లాకి ఏపీ 16 రాకముందు ఉండే మూడక్షరాల నంబరు, చివర కృష్ణా జిల్లా ‘కె’. లోపల తయారైన సంవత్సరం: 1981.

ఉప్పెన వచ్చింది 1977లో. కారు పుట్టింది 1981లో.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు గురించి కొంత. అంతకంటే, నేను కొన్నది కారుని కాదు, ఒక కథని. ఆ కథే లేదని తేలింది. దీంట్లో ఇంకో చిక్కు కూడా ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి వేరే నిబంధనలు పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళకి. రోజూ తిప్పడానికి కాదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ. నిజంగా 1970 బండైతే ఆ దారి ఉండేది. 1981 బండి అంటే 2031 దాకా ఆగాలి. ఈలోగా మామూలు పాత కారు లెక్కే: ఐదేళ్ళకోసారి ఫిట్‌నెస్, మళ్ళీ రిజిస్ట్రేషన్. 20 ఏళ్ళు దాటిన కార్లకి ఆ ఫీజు 2025లో 10,000 చేశారు.

అమ్మేద్దామనుకున్నా. బాబాయే ఆపాడు. “ముందు అడుగు చూద్దాం, తర్వాత నీ ఇష్టం,” అన్నాడు.

ఇక్కడ మీకు పనికొచ్చే సంగతి చెప్తాను. మీలో ఎవరైనా పాత చిన్న కారు కొనాలనుకుంటే ఇంజన్ గురించి తర్వాత అడగండి. ఇంజన్ని విప్పొచ్చు, బోరు చేయించొచ్చు, విజయవాడ ఆటోనగర్లో దొరకని వస్తువు తక్కువ. మీరు చూడాల్సింది రేకు. ఎందుకంటే ఈ ఫియట్‌కి కింద విడిగా ఛాసిస్ ఉండదు. లారీకి ఉన్నట్టు ఇనప చట్రం, దాని మీద బాడీ, అలా కాదు. బాడీయే చట్రం. నేల రేకు, తలుపుల కింద పొడవునా పోయే పెట్టెలాంటి భాగం, ఇవే బరువంతా మోస్తాయి. హెరాల్డ్‌కైతే విడిగా ఛాసిస్ ఉండేది, దాని కథ వేరు.

మరి మన దగ్గర రేకుకి శత్రువు ఎవరు? బందరు నుంచి గాలి. ఉప్పు గాలి. ఇనుము తుప్పు పట్టాలంటే నీళ్ళూ గాలీ చాలు. దానికి ఉప్పు కలిస్తే ఆ పని ఎన్నో రెట్లు వేగంగా జరుగుతుంది, ఉప్పునీటి పొరలో కరెంటు సులువుగా పారుతుంది కాబట్టి. హైదరాబాద్‌లో ముప్ఫై ఏళ్ళున్న రేకు బందరు ఒడ్డున అన్నేళ్ళు ఉండదు.

మూడు పరీక్షలు చెయ్యండి. ఒకటి, ఫ్రిజ్‌కి అతికించే అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి. తలుపు కింద అంచుల్లో అంటుకోకపోతే అక్కడున్నది రేకు కాదు, లప్పం. రెండు, కార్పెట్ ఎత్తి స్క్రూడ్రైవరు మొనతో నేలని మెల్లగా పొడవండి. బిస్కెట్‌లా దిగిపోతే మీకు తెలిసిపోతుంది. మూడోది బాబాయ్ నేర్పింది, ఎక్కడా చదవలేదు. తలుపు తెరిచి మూసి చూడండి. తర్వాత పక్కన జాకీ పెట్టి లేపి, మళ్ళీ తెరవండి. ఇప్పుడు తలుపు బిగుసుకుంటే కారు నడుం విరిగిందని అర్థం. రంగు ఎంత మెరుస్తున్నా తీసుకోకండి.

మా కారు తలుపు బిగుసుకుంది.

ఎవరో, ఎప్పుడో, ఒక షాపులో తుప్పు మీదే లప్పం రాసి, దాని మీద తారు పూసి, పైన రంగు కొట్టి ఇచ్చారు. గీకుతుంటే పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. దీనికి సంబంధించి నాకు మంచి మాట చెప్పింది కార్ల మనిషి కాదు. వెనకుండే చిన్న అక్షరాలకి పూత వేయించడానికి బందరు వెళ్ళి, చిలకలపూడిలో రోల్డు గోల్డు పని చేసే ఒకాయన్ని అడిగాను. క్రోమ్ మా పని కాదు, ఆటోనగర్ వెళ్ళండి అన్నాడు. కానీ ఆ అక్షరాలు చేతిలో తిప్పి చూసి, “కింద సరిగా తోమకపోతే పైన బంగారం పోసినా నిలవదండీ,” అన్నాడు. గాజైనా కారైనా ఒకటే. క్రోమ్ పూత కూడా ముందు రాగి, దాని మీద నికెల్, ఆ పైన క్రోమ్. అసలు పనంతా అంతకు ముందు తోమడంలో ఉంది.

అలా అడుగంతా తోమాక బాబాయ్ నన్ను కింద పడుకోమని టార్చి వేసి చూపించాడు. “ఇదిగో, తుప్పు కింద నుంచి పైకి పోతోంది, నేల దగ్గరే ఆగింది. మునిగిన బండికి ఇట్టా ఉండదు. సీటు స్ప్రింగులు, డాష్‌బోర్డు వెనక, తలుపుల లోపల, అంతా ఒక మట్టానికి పట్టేసుద్ది. ఇది గాలి తుప్పయ్యా. నీళ్ళ తుప్పు కాదు. ఈ బండి ఉప్పెన చూళ్ళేదు.” కాగితమూ ఇనుమూ ఒకే మాట చెప్పాయి.

మరి ఆ కుర్రాడు కావాలనే చెప్పాడా? అడగడానికే మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. వాళ్ళ నాయనమ్మగారు ఉన్నారు, ఎనభై దాటాయి. వరండాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. కోపంగా వెళ్ళినవాణ్ణి, గ్లాసు పట్టుకుని ఏం అడగాలో తెలియలేదు. “మామ్మగారూ, కారు 81లోది కదండీ, ఉప్పెనలో ఎలా ఉంటుంది?” అన్నా.

ఆవిడ నవ్వలేదు. “అది వేరే కారు నాయనా,” అన్నారు.

వాళ్ళది అప్పుడు నాగాయలంక వైపు. డాక్టరుగారు బెజవాడలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫియట్ ఒకటి ఉండేది. ఆ రాత్రి వీళ్ళు ఒక మేడ మీద బతికారు. ఎవరెవరు బతకలేదో చెప్పారు, అది ఇక్కడ చెప్పను. నీళ్ళు తీశాక కారు వీధి చివర గోడకి ఆనుకుని కనపడిందట, బానెట్ నిండా బురద, వరిగడ్డి. బందరు నుంచి మనిషిని పిలిపించి ఇంజన్ అంతా కిరసనాయిలుతో కడిగించారు. అది ఆడింది. ఆ శీతాకాలమంతా ఆ కారులోనే ఆయన మందులు వేసుకుని శిబిరాలు తిరిగారు. “ఇంజన్ బాగానే ఉంది నాయనా. ఏడాది తిరిగేసరికి కాళ్ళ కింద రేకు ఊడిపోయింది. రోడ్డు కనిపించేది.” చివరికి తూకానికి అమ్మేశారు. కొత్తదానికి డబ్బు కట్టారు. అది ఏళ్ళ తరబడి రాలేదు. 1981లో వచ్చింది. అప్పటికి దివి వదిలేసి గుడివాడ దగ్గరికి వచ్చేశారు.

“మరి ఇదే ఆ కారు అని ఎందుకు చెప్పేవారండీ?”

“ఆయన ఎప్పుడూ అలా చెప్పలేదు. పిల్లలు అడిగితే, మన కారు ఉప్పెన చూసింది అనేవారు. మన కారు అంటే వాళ్ళకి ఇదే కదా.” కాసేపు ఆగి, “పాతదాంట్లోంచి ఒక్క జాకీ తీసి ఉంచారు. ఉందా అది?” అన్నారు.

ఉంది.

చరిత్ర గురించి ఇన్ని ఎపిసోడ్లు చేశాను కదా, ఇలాంటి పొరపాటు నాకు కొత్త కాదు. 1864 నవంబరులో బందరుని ముంచిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయారు. ఆ ఉప్పెన సంగతులూ 1977 సంగతులూ కలిపేసి చెప్పేవాళ్ళని నేనే విన్నాను. అలాగే మన వైపు పాత బండి అనగానే ఎన్టీఆర్ చైతన్య రథం అంటారు. నిమ్మకూరు మనిషి, 1983లో గుడివాడలో గెలిచిన మనిషి, పాత షెవర్లే వ్యానుని మార్పించుకుని రాష్ట్రమంతా తిరిగారు. దాని ఫోటోలు వేలల్లో ఉన్నాయి. ఆ డాక్టరుగారి ఫియట్‌కి మాత్రం ఒక్క ఫోటో లేదు, అడిగాను. ఉప్పెనకి ముందువి ఆ ఇంట్లో ఏ ఫోటోలూ లేవు.

కాబట్టి అమ్మలేదు. పని మొదలుపెట్టాం. ఇక్కడ మాకొక గొడవ వచ్చింది. అడుగు మొత్తం కోసేసి కొత్త రేకు వేస్తే సులువు, గట్టిది కూడా. కానీ 2031లో వింటేజ్ నంబరు అడిగేనాటికి బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉండాలి, పెద్ద మార్పులు చెయ్యకూడదు అని నిబంధన. అందుకని కుళ్ళినంత మేరకే కోసి, అదే మందం రేకుని అదే వంపులో కొట్టి అతుకుతున్నాం. ఒక్కో అతుకుకీ ఒక పూట. నేను కారుకి పెట్టిన దానికి రెండు రెట్లు దీనికే అయింది. డబ్బు పరంగా ఇది తెలివైన పని కాదు. వ్యూస్ కోసం పాత కారు కొందామనుకునే తమ్ముళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవండి. పెట్రోలు పైపులు, రబ్బర్లు కూడా అన్నీ మార్చాం, ఇప్పుడొచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత రబ్బరుకి పడదు. ‘ఏసీ పెట్టించండి’ అని అడిగేవాళ్ళకి, లేదు, పెట్టించను.

తాత్కాలికంగా ఇంజన్ మొన్న స్టార్ట్ చేశాం. ఆ చప్పుడు వీడియో చివర్లో పెట్టాను. చదువుతున్నవాళ్ళకి ఎలా చెప్పాలి.. కుట్టుమిషను కాస్త జలుబు చేసి మాట్లాడితే అలా ఉంటుంది. మామ్మగారికి ఫోన్లో వినిపించాను. “గేరు గట్టిగా పడేది, చూసుకో,” అన్నారు.

కుడి పక్క అయిపోయింది. ఎడమ పక్క తలుపు కింద పెట్టె ఇంకా అతకాలి, మేస్త్రీ వచ్చే ఆదివారం వస్తానన్నాడు. రెండో జాకీని బాబాయ్ కిరసనాయిల్లో నానబెట్టబోతే వద్దన్నాను. ఆ మన్నుతోనే గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టాం.